ఒసాకా హోటల్లో రెండో మంచం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. తణుకు దగ్గర మా ఊళ్ళో ఎవరికైనా దెయ్యం పట్టిందని తెలిస్తే మా అమ్మ, "ముందు దానికి కడుపునిండా అన్నం పెట్టండి, అదే పోతుంది" అనేది. నేను ఆ తల్లి కూతుర్నే. ప్రార్థన చేసుకుంటాను, చర్చికి వెళ్తాను, అంతకుమించి కనపడని వాటి జోలికి పోను.

దోహాలో పదకొండేళ్ళుగా ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాను. ఇళ్ళకూ ఆఫీసులకూ లోపలి చెక్కపని చేసే కంపెనీ మాది. పేరు అడక్కండి. ఆఫీసు అల్ తుమామాలో, పనివాళ్ళ క్యాంపు బర్వా అల్ బరాహాలో. వీసాలు, విమానం టికెట్లు, హోటళ్ళు, ఉత్తరాలు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. కాగితం మీద లేనిది జరగనట్టే అనుకునే బుర్ర నాది. అందుకే ఈ సంగతికి సంబంధించిన కాగితాలన్నీ దాచాను. ఇది రాసే ముందు ఇంకోసారి తీసి చూసుకున్నాను కూడా.

పోయిన సంవత్సరం ఒసాకాలో ఆరు నెలల పాటు పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ చెక్క దూలాలను ఒకదానిలో ఒకటి దూర్చి చుట్టూ పెద్ద వలయం కట్టారు. అర్బాబ్ అని మేం పిలిచే మా ఖతారీ యజమాని దాని ఫొటోలు చూసి ముచ్చటపడ్డాడు. మన వాళ్ళు వెళ్ళి ఆ పని చూసి రావాలి, ఇద్దరు వెళ్ళండి అన్నాడు. ఒకరు మా ప్రాజెక్ట్ మేనేజర్ ప్రసాదరావు. రెండోవాడు ఫోర్‌మన్ నర్సయ్య. నర్సయ్య పేరు అర్బాబ్ తన నోటితోనే చెప్పాడు.

ప్రసాదరావుది కృష్ణా జిల్లా. శుక్రవారం మెసైమీర్‌లో మా చర్చికే వచ్చేవాడు, ముందు వరసలో నిలబడి పాడేవాడు. ఇన్నాళ్ళూ ప్రసాదరావు గారు అనేదాన్ని. ఆ గారు ఇప్పుడు తీసేస్తున్నాను.

నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె. తాతల నాటి నుంచి వడ్రంగులు. మనిషి మాట తక్కువ, చెయ్యి గట్టిది. రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళినప్పుడల్లా కొండగట్టు అంజన్న మాల వేసుకునేవాడు. తాగుడు మాట అతని దగ్గర ఎత్తితే లేచి అవతలికి పోయేవాడు.

జపాన్ వీసాకు హోటల్ బుకింగ్ కూడా చూపించాలి. అలా ఆ హోటల్ వెతికే పని నాకు తగిలింది. ప్రదర్శన పుణ్యమా అని ఒసాకాలో రేట్లు మూడింతలయ్యాయి. అర్బాబ్ ఇచ్చిన బడ్జెట్ మాత్రం మారదు. పైగా జపాన్‌లో గదికి కాదు, తలకు లెక్క. ఒక్కడి పేరు మీద గది తీసుకుని ఇద్దరం దూరిపోదామంటే కుదరదు. విదేశీయులైతే కౌంటర్‌లో ఒక్కొక్కరి పాస్‌పోర్టూ కాపీ తీసుకుంటారు. షిన్-ఇమామియాలో చవకవి ఉన్నాయి గానీ స్నానాలగది అందరికీ కలిపి. హొమ్మాచిలో బాగున్నాయి గానీ ధర మండిపోతోంది. రెండు రోజులు వెతికి, బెంతెన్‌చో స్టేషన్ పక్కన ఒక హోటల్ పట్టాను. ప్రదర్శనకు నేరుగా పోయే మెట్రో లైను. ఒకే గది, రెండు మంచాలు, అయిదు రాత్రులు. బడ్జెట్‌లో అదొక్కటే సరిపోయింది.

సంతకాలకు వచ్చినప్పుడు నర్సయ్యకు గది ఫొటో చూపించాను. రెండు మంచాల మధ్య జానెడు సందు.

"గింతేనా మేడమ్? మన క్యాంపు రూమే నయముంది గదా" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. "సార్ తోని ఒక్కటే రూములనా? సార్ ఒప్పుకుంటడా మేడమ్?"

కంపెనీ ఖర్చు, ఒప్పుకోక ఏం చేస్తాడన్నాను.

"నేను గురక పెట్ట మేడమ్. సార్‌కు జెప్పుండ్రి. గంతగనం అయితే కింద పండుకుంట."



ప్రసాదరావు ఒప్పుకోలేదు. బుకింగ్ కాగితం నా బల్ల మీద గిరాటేశాడు. "నేనూ ఆ వడ్రంగోడూ ఒకే గదిలో పడుకోవాలా సలోమీ? వాడి చెమట కంపు అయిదు రాత్రులు భరించాలా? నా హోదా ఏంటి, వాడి హోదా ఏంటి?" రెండు గదులు అడగమని అర్బాబ్ దగ్గరకు వెళ్ళాడు. అర్బాబ్ "మాఫీ" అన్నాడట. అరబీలో లేదంటే లేదని.

కళ్ళు నెత్తికెక్కినవాడు ఊరుకుంటాడా? నర్సయ్యను ఆపడానికి దారి వెతికాడు. మెసైమీర్‌లో ఒక విల్లాకు చెక్క సీలింగ్ పని నడుస్తోంది. మూడు వారాల పని. దాన్ని పది రోజుల్లో పూర్తి చేస్తేనే జపాన్, లేకపోతే ఇక్కడే ఉండు అని నర్సయ్యకు చెప్పాడు. నర్సయ్య సరే అన్నాడు. ఎందుకనడు? ఆ వలయం వీడియోలు ఫోన్‌లో పెట్టుకుని క్యాంపులో అందరికీ చూపిస్తున్నాడాయె.

ఇక్కడ ఎండాకాలంలో పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయటి పనులు ఆపాలి. కరెంటు రాని, ఏసీ లేని ఆ విల్లాలో లోపలికీ బయటికీ తేడా లేదు. మిగతా అందర్నీ పదింటికి క్యాంపుకు పంపించి, నర్సయ్యనూ అతని హెల్పర్ రాజన్ననూ లోపల ఉంచి, గేటుకు బయట తాళం వేయించేవాడు ప్రసాదరావు. ఎవరైనా తనిఖీకి వస్తే సైట్ మూసి ఉన్నట్టు కనపడాలి కదా. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు నర్సయ్య నిచ్చెన మీద నుంచి జారి కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

ఆంబులెన్స్‌ను అక్కడికి పిలవలేదు. కంపెనీ పికప్‌లో వేసి క్యాంపుకు తెచ్చి, గదిలో అతని మంచం మీద పడుకోబెట్టి, అప్పుడు పిలిచారు. రాజన్ననూ డ్రైవర్నూ, నోరు తెరిస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తానని ప్రసాదరావు బెదిరించాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసిందని రాసుకుంటే నా మనసు తేలికపడేది. కానీ అది అబద్ధం. డ్రైవర్ రాసే ట్రిప్ షీటు సాయంత్రానికి నా బల్ల మీదకే వస్తుంది. మెసైమీర్ నుంచి బర్వాకు, ఒంటిగంట ఇరవై నిమిషాలు. అది చూశాను. ఆ పక్కనే కూర్చుని ప్రసాదరావు చెబుతుంటే ఉత్తరం టైపు చేశాను. క్యాంపు గదిలో, విశ్రాంతి వేళ, నిద్రలో మరణించాడని. కింద ప్రసాదరావు సంతకం, ఆ కింద తయారు చేసినవారు అని నా పేరు. ఉద్యోగం పోతుందని భయం. అంతే, ఇంకే కారణమూ లేదు.

వాడు అంతటితో ఆగినా బాగుండేది. నర్సయ్య భార్య పద్మకు ఫోన్ చేసి, "మీ ఆయన రాత్రి బాగా తాగి పడుకున్నాడమ్మా, పొద్దున లేవలేదు" అన్నాడు. ఇక్కడ క్యాంపులో తాగడమంటే ఎంత నేరమో, ఊళ్ళో దాన్ని ఎంత చులకనగా చెప్పుకుంటారో వాడికి తెలుసు. అలా అంటే వాళ్ళ ఇంటివాళ్ళు ఇంకే ప్రశ్నా అడగరని వాడి లెక్క. లెక్క సరిపోయింది. పని చేస్తూ పోయిన మనిషి పేరు ఊళ్ళో తాగుబోతు పేరైంది.

నర్సయ్య పాస్‌పోర్టును ఎంబసీ వాళ్ళు మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి ఇచ్చారు. చనిపోయినవాళ్ళ పాస్‌పోర్టుకు అలాగే చేస్తారు. దాన్ని శవం పెట్టెతో పాటు ఇంటికి పంపించాను. అది నా చేత్తోనే కవరులో పెట్టాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అతను పోయిన పదకొండో రోజు శుక్రవారం పడింది. అతని సామాను జాబితా మీద గదివాళ్ళ సంతకాలు కావాలి. చర్చి అయ్యాక మెసైమీర్ నుంచి అటే బర్వా క్యాంపుకు వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వంటగదుల వెనక గోడ దగ్గర నర్సయ్య గదివాళ్ళు ఆరుగురు నిలబడి ఉన్నారు. గోడ మీద విస్తరాకులాంటి కాగితం పళ్ళెంలో అన్నం, కోడికూర, ఒక గ్లాసు చాయ్. అలాంటప్పుడు సీసా కూడా పెడతారట. అతను తాగడు కాబట్టి చాయ్ పెట్టారు.

పిట్టకు పెట్టడం అంటారు దాన్ని. పోయినవాళ్ళ పేరు మీద అన్నం పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు కోరిక ఏదో మిగిలిందని అర్థం. అదేమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇస్తే అప్పుడు ముడుతుందట. చుట్టూ పావురాలు, గోరింకలు ఎన్నో ఉన్నాయి. పక్క గోడ మీద ఎవరో పారేసిన రొట్టె ముక్కల కోసం కొట్టుకుంటున్నాయి. ఈ పళ్ళెం వైపు ఒక్కటీ రాలేదు.

"గంటాయె మేడమ్. ముడుతలేదు" అన్నాడు రాజన్న. మొహమంతా చెమట, కన్నీళ్ళు. గోడ వైపు తిరిగి గట్టిగా అన్నాడు, "నీ పిల్లల మేం జూసుకుంటం నర్సన్నా, ముట్టు."

రాలేదు.

"నీ ఇల్లు స్లాబు మేమందరం గల్సి ఏపిస్తం. ముట్టే."

రాలేదు. ఒకరి తర్వాత ఒకరు ఏవేవో చెప్పారు. నాకు ఎండకు తల తిరుగుతోంది, వెళ్ళిపోదామనుకుంటున్నాను. చివరికి రాజన్న విసిగిపోయి, ఏడుస్తూ అరిచాడు. "సరే పో! జపాన్ పంపిస్తం నిన్ను! సార్ తోనే, ఆ రూములకే పంపిస్తం! ఇగనన్న ముట్టరాదె!"

ఒక గోరింక ఎగిరొచ్చి పళ్ళెం అంచు మీద వాలి అన్నం ముట్టింది. దాని వెనకే ఇంకో నాలుగు.

పక్షులకు ఆకలేసి ఉంటుంది, అరుపుకు అటు నుంచి ఇటు లేచి వచ్చి ఉంటాయి అనుకున్నాను. ఇప్పటికీ అదే అయి ఉండొచ్చు. కానీ రాజన్న నా వైపు తిరిగి, "మాటిచ్చినం మేడమ్. బుకింగులు జేసేది మీరే గద. ఇగ మీ చేతుల ఉన్నది" అన్నాడు. నేను జాబితా మీద సంతకాలు పెట్టించుకుని వచ్చేశాను.

ఆదివారం ఆఫీసుకు వెళ్ళగానే నర్సయ్య టికెట్ రద్దు చేశాను. అది మామూలుగానే రద్దయింది. తర్వాత బెంతెన్‌చో గది రద్దు చేసి, అదే హోటల్లో ప్రసాదరావు ఒక్కడికే చిన్న గది తీసుకున్నాను. నిర్ధారణ మెయిల్ వచ్చింది. ఒకే గది, రెండు మంచాలు, అతిథులు ఇద్దరు. రెండు పేర్లూ ఉన్నాయి.

పాత వివరాలు సైట్‌లో ఉండిపోయి ఉంటాయనుకున్నాను. రద్దు చేసి, వేరే కంప్యూటర్ నుంచి, వేరే సైట్‌లో, అక్షరం అక్షరం నేనే కొట్టి మళ్ళీ తీసుకున్నాను. మళ్ళీ ఇద్దరు. మూడోసారి సైట్లతో పని లేకుండా హోటల్‌కే మెయిల్ రాశాను, ఒక్కరే వస్తారని. చాలా మర్యాదగా జవాబు వచ్చింది. ఇద్దరు అతిథుల కోసం ఎదురుచూస్తున్నామని.

ఆ మూడు కాగితాలూ ప్రసాదరావు ముందు పెట్టాను. నేను కావాలని చేస్తున్నానన్నాడు. "చచ్చినోడి పేరుతో నాతో ఆటలాడుతున్నావా? పొగరా నీకు?" అని ఆఫీసంతా వినేలా కేకలేశాడు. తన ఫోన్లో, తన కార్డుతో తనే తీసుకున్నాడు. అయిదు నిమిషాల్లో మెయిల్ వచ్చింది. చదివి ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మెయిల్ నేను చూడలేదు, కానీ మొహం చూశాను.

నేను ఇంకోసారి ప్రయత్నించవచ్చు. ప్రయత్నించలేదు. పోనీ, ఇద్దరూ వెళ్ళండి అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు నవ్వులాటగా అనుకోలేదు, పళ్ళు కొరుక్కుంటూ అనుకున్నాను.

సెప్టెంబర్‌లో ప్రసాదరావు ఒసాకా వెళ్ళాడు. అతని మొదటి ఫోను మా పొద్దున పదింటికి, అంటే అక్కడ సాయంత్రం నాలుగింటికి వచ్చింది.

"సలోమీ, ఇక్కడ కౌంటర్‌లో అమ్మాయి ఏదేదో అంటోంది. నా స్నేహితుడు ఒంటిగంటకే వచ్చాడట. మూడింటి దాకా గది ఇవ్వరంటే అక్కడే కుర్చీలో రెండు గంటలు కూర్చున్నాడట. ఇప్పుడు పైకి వెళ్ళాడంట. ఎవర్ని పంపించావు నువ్వు?"

నేనెవర్నీ పంపలేదన్నాను. అది నిజం.

మర్నాడు ఇంకో ఫోను, ఒక ఫొటో. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. ఇరుకు గది, రెండు మంచాలు. రెండో మంచం మీద తెల్ల దుప్పటి, దాని మీద మనిషి వెల్లకిలా పడుకున్నంత మేర తడి. అంచుల్లో తడి ఆరి తెల్లగా గీత కట్టింది. మా సైట్లలో పనిచేసేవాళ్ళ చొక్కాల వీపు మీద ఉండే ఉప్పు గీతే అది. ఏసీ పద్దెనిమిదిలో పెట్టినా గది కొలిమిలా ఉందన్నాడు. హోటల్‌వాళ్ళు వచ్చి దుప్పటి మార్చి వెళ్ళారట. తను స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ అలాగే ఉందట.

బుకింగ్ లేకుండా హొమ్మాచిలో ఇంకో హోటల్‌కు పోయాడు. అక్కడ కౌంటర్‌లో పేరు చెప్పగానే రెండు తాళాలు ఇచ్చారు. మూడో రోజు షిన్-ఇమామియాలో గూడు హోటల్‌కు వెళ్ళాడు, కౌంటర్‌లో మళ్ళీ రెండు తాళాలే ఇచ్చారు. అక్కడ గదులుండవు. ఒక మనిషి పాక్కుంటూ దూరి పడుకునే గూళ్ళు ఉంటాయి, వరసగా, ఒకదాని మీద ఒకటి. అందులో ఇద్దరు పట్టే ప్రశ్నే లేదు. పగలే వెళ్ళి, కాసేపైనా నిద్రపోదామని దూరాడట. లోపల నడుం వాల్చగానే పక్కన చోటు లేదట. చెమట పట్టిన భుజం తన భుజానికి తగిలిందట. అలాగే బయటపడి, కింద కుర్చీలో కూర్చుని నాకు ఫోన్ చేశాడు. మా పదకొండు గంటలు.

నాకు జాలి వేయలేదు. క్రైస్తవురాలిని, జాలి వేయాలి. వేయలేదు. వాడు ఏడుస్తుంటే చాయ్ తెప్పించుకుని తాగుతూ విన్నాను. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే అనుకున్నాను.

"ఆ రెండో పేరు తీసెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను. నీ చేతుల్లోనే ఉంది" అన్నాడు.

"ముందు మీరు రాయించిన కాగితం మార్చండి సార్. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో రాయండి. అతను తాగలేదని రాయండి. ఆ తర్వాత చూస్తాను."

అతని గొంతు మారింది. "ఆ కాగితం కొట్టింది నువ్వే. కింద నీ పేరుంది. ట్రిప్ షీట్ నీ ఫైల్లోనే ఉంది. నన్ను ముంచితే నువ్వూ మునుగుతావు సలోమీ, చూసుకో."

అంతదాకా వాడి పాపం పండిందని సంబరపడుతున్నాను. ఆ మాటతో చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఉద్యోగం పోతుంది, కేసైతే ఏమవుతుందో తెలియదు, నా మీద ఆధారపడ్డ ఇల్లు ఒకటుంది. ఫోను పెట్టేస్తే అయిపోయేది. వాడు తిరిగొస్తాడు, ఇద్దరం నోరు మూసుకుంటాం, పద్మ తాగుబోతు పెళ్ళాంగానే బతుకుతుంది.

"సరే, మునుగుదాం సార్" అన్నాను.

ఉత్తరం నేనే టైపు చేసి అతనికి పంపాను. తాళం వేసిన గేటు, ఒంటిగంట, పికప్, మంచం, ఫోనులో చెప్పిన తాగుడు అబద్ధం, అన్నీ. కింద వేరే పేరాలో, ట్రిప్ షీట్ చూసి కూడా అబద్ధం టైపు చేశానని నా మాట రాసి సంతకం పెట్టాను. ఆ గూట్లోకి మళ్ళీ దూరే ధైర్యం లేక అతను అక్కడ హోటల్లోనే ప్రింట్ తీసి, సంతకం చేసి, ఫొటో తీసి పంపాడు. సంతకం వంకరగా ఉంది. ఇద్దరి సంతకాలతో అర్బాబ్‌కూ, లేబర్ ఆఫీసుకూ, ఎంబసీకీ ఒకేసారి పంపించాను. మా మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కావాలని ఆ వేళకు పంపలేదు, స్కాన్ ఆలస్యమైంది.

ఆ సాయంత్రం ప్రసాదరావు గూడు హోటల్ కౌంటర్‌లో తాళం అడిగితే ఒకటే ఇచ్చారట. మిగతా మూడు రాత్రులూ నిద్రపోయాడట. నేను ఏ పేరూ తీయలేదు.

తిరిగొచ్చాక విచారణ జరిగింది. రాజన్నా డ్రైవరూ అప్పుడు నోరు విప్పారు. ప్రసాదరావు దేశం దాటకుండా ఆపారు. కేసు ఇంకా నడుస్తోంది. అర్బాబ్ నన్ను పిలిచి, "నువ్వు నిజం చెప్పావు, కానీ ఆలస్యంగా చెప్పావు" అని ఉద్యోగం తీసేశాడు. తప్పనలేదు నేను. వేరే చిన్న ఆఫీసులో ఇప్పుడు తక్కువ జీతానికి చేస్తున్నాను.

ఆఫీసు వదిలే ముందు బెంతెన్‌చో హోటల్‌కు చివరిగా ఒక మెయిల్ రాశాను. బిల్లు సరిచూడాలనే వంకతో, ఎవరు ఎన్ని రాత్రులున్నారని అడిగాను. వాళ్ళ జవాబు తెలుగులో చెబితే ఇంతే. మొదటి అతిథి ఒక రాత్రి ఉండి వెళ్ళిపోయారు. రెండో అతిథి అయిదు రాత్రులూ ఉన్నారు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ప్రదర్శనకు వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. వెళ్ళేరోజు తన మంచం తనే సర్ది వెళ్ళారు. ఒక చిన్న మనవి, ఆయన పాస్‌పోర్టు అట్ట మూల కత్తిరించి ఉంది, తర్వాతి ప్రయాణంలో ఇబ్బంది కలగవచ్చు, దయచేసి ఆయనకు తెలియజేయండి.

కాపీ అడిగితే ఇతరులకు ఇవ్వలేమన్నారు. పాస్‌పోర్టు నంబరు చివరి నాలుగు అంకెలు మాత్రం చెప్పారు. నా ఫైల్లో ఉన్న నంబరుతో సరిపోయాయి. ఆ పాస్‌పోర్టు జగిత్యాల దగ్గర పద్మ ఇంట్లో బీరువాలో ఉందని రాజన్న ఫోన్ చేసి కనుక్కున్నాడు. కవరు కూడా విప్పలేదట.

ఎవరో ఆట పట్టించారంటారా? ఎవరికి తెలుసు ఇవన్నీ? రాజన్నకు కంప్యూటర్ రాదు. హోటల్ పొరపాటంటారా? మూడు హోటళ్ళు, ఒకే పొరపాటు. ప్రసాదరావు మనసే వాణ్ణి తిందంటే ఒప్పుకుంటాను, మరి నాకొచ్చిన మెయిళ్ళ సంగతేమిటి? నాకు తెలియదు. చాలామందిని అడిగాను. మా పాస్టర్ గారు ప్రార్థన చేద్దామన్నారు, అంతకంటే ఏమీ అనలేదు.

చివరికి పద్మకు నేనే ఫోన్ చేశాను. అప్పటికే రాజన్న ఆమెకు సంగతి కొంత చెప్పాడు. నేను మొత్తం చెప్పాను. మీ ఆయన తాగలేదమ్మా, పని చేస్తూ పోయాడు, కాగితం మీద కూడా ఇప్పుడు అదే ఉంది అన్నాను.

"ఊరంత తాగి సచ్చిండన్నరు మేడమ్. పిట్టకు పెట్టిననాడు మా ఆడిబిడ్డ సీసా తెచ్చి పెట్టింది. వద్దని నేను కొట్లాడలే. నేను గుడ నమ్మిన" అంది. తర్వాత అడిగింది. "దుబాయ్‌ల ఆ ముందటి కాయిదం ఎవరు రాసిండ్రు?"

ఆ పల్లెల్లో గల్ఫ్ అంతా దుబాయే, దోహా అని ఎవరూ అనరు. నేనూ సరిదిద్దలేదు.

"నేనే రాశానమ్మా. నన్ను క్షమించు" అన్నాను.

"తెల్సే రాసినవా?"

"తెలిసే."

ఫోన్ పెట్టేసింది. తర్వాత నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. అయిదోసారి వాళ్ళబ్బాయి ఎత్తి, "మా అమ్మ మాట్లాడదట" అని చెప్పి పెట్టేశాడు.

ఒసాకాలో ఆ రెండో మంచం మీద ఎవరు పడుకున్నారో నాకు ఈ రోజుకీ అంతు చిక్కలేదు. పద్మ నాతో ఎందుకు మాట్లాడదో మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.